గంటకోసారి ఆరిపోయే ల్యాప్‌టాప్

ధర్మవరం,
జూలై 2.

తమ్ముడు చెన్నకేశవులుకు,

అక్క తనూజ రాస్తున్నది. ఉత్తరంలో మొదట ఆశీర్వాదం రాయాలి. ఈసారి దాన్ని నా దగ్గరే పెట్టుకుంటున్నాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటని అనుకుంటావు. నీ నంబరు బ్లాక్ చేశాను. ఫోన్‌లో అయితే నువ్వు నాలుగు మాటలు చెప్పి నవ్విస్తావు. తిడదామని చేసినదాన్ని, చివరికి తిన్నావా అని అడిగి పెట్టేస్తాను. పదేళ్ళుగా ఇదే వరస. కాగితం మీద నవ్వించలేవు, అన్నమాట అనలేదని తప్పించుకోనూ లేవు.

సంగతి నా ల్యాప్‌టాప్. ఉగాదికి ముందు ఫ్యాన్ గరగరలాడుతోందని హిందూపురంలో నీ కొట్లో ఇచ్చి వచ్చాను. రెండు వారాలు ఉంచుకుని తెచ్చిచ్చి, "కొత్తదాని మాదిరి చేసినా అక్కా, ఇంక పదేళ్ళు దాని మొకం చూసే పన్లేదు" అన్నావు. పదేళ్ళు కాదు, మూడు నెలలు. మొన్నటి నుంచి తెర మీద మూలన 'మీ విండోస్ లైసెన్సు గడువు ముగిసింది' అని వస్తోంది. సరిగ్గా గంటకు దానంతటదే ఆరిపోతోంది. సేవ్ చేసుకోవచ్చు కదా అంటావు. చేసుకుంటున్నాను. కానీ మళ్ళీ లేచి, చీర గ్రాఫు మొత్తం తెరుచుకునేసరికి పావుగంట. నాలుగు గళ్ళు రంగు నింపి తల ఎత్తితే మళ్ళీ చీకటి.

నా పరిస్థితి నీకు తెలియనిది కాదు. ఎనిమిదేళ్ళు ఇంకొకరి డిజైన్లకు గళ్ళు నింపాను. మొదటిసారి యల్లప్ప మామ తన మూడు మగ్గాలకు నా సొంత డిజైన్ అడిగాడు. శెనక్కాయ పూత అంచు. రొద్దంలో మన చేను మోకాలెత్తు పచ్చగా ఉన్నప్పుడు ఆకుల కింద కనబడీ కనబడనట్టు ఉండే ఆ పసుపు పూత. ఇంతవరకు అంచుకెక్కించినవాళ్ళు నాకు తెలిసి లేరు. ఆషాఢ అమావాస్యకు గ్రాఫు చేతిలో పెడితే, దాని ప్రకారం మగ్గం అట్టలకు చిల్లులు కొట్టించి శ్రావణానికి చీర దించుతానన్నాడు. అమావాస్య దాటితే పాత డిజైనే ఎక్కిస్తాడు. ఇంకో ఎనిమిదేళ్ళు నన్నెవరూ సొంత డిజైన్ అడగరు.

ఏం చేశావో చెప్పు, ఏం చేయాలో చెప్పు. కబుర్లు వద్దు.

తనూజ

*

హిందూపురం,
జూలై 5.

అక్కకు దండాలు.

నంబరు బ్లాక్ చేసి ఉత్తరానికి స్టాంపు అంటించావంటే కోపం సగమే ఉందని అర్థం. మిగతా సగం మా కొట్టు ముందరి హోటల్లో వేడి ఓళిగ తెచ్చి తినిపించి తగ్గిస్తాను.

ఇది పెద్ద జబ్బేమీ కాదు. లైసెన్సు సరిచూసే ఆ కంపెనీ కంప్యూటరు యాడో దేశంలో ఉంటుంది. నీ మిషన్ అప్పుడప్పుడు దానికి కబురు పంపి, నేను అసలుదాన్నే అని చెప్పుకోవాలి. కబురు అందకపోతే అది అలుగుతుంది. ముందు ఫోన్ నుంచి నెట్ ఇవ్వు. గడియారం, తేదీ సరిగ్గా ఉన్నాయో చూడు, తేదీ తప్పుంటే అది నమ్మదు. తర్వాత సెట్టింగ్స్‌లోకి పోయి యాక్టివేషన్ అని ఉన్నచోట ట్రబుల్‌షూట్ నొక్కు. కాసేపు తిరుగుతుంది. మధ్యలో 'ఈమధ్య ఈ పరికరంలో భాగాలేమైనా మార్చారా' అని ఒక ప్రశ్న వస్తుంది. దాన్ని ముట్టుకోవద్దు. అది అందరినీ అడుగుతుంది.

అప్పటికీ కాకపోతే మిషన్ తిరగేసి చూడు. కింద చిన్న స్టిక్కరు మీద ఇరవై అయిదు అక్షరాల కీ ఉంటుంది. అది కొట్టావంటే అయిపోయినట్టే. నీది అసలు లైసెన్సేనక్కా, ఆరేళ్ళ కింద నేనే చూసి కొనిచ్చాను కదా.

కొట్లో పని ఎక్కువగా ఉంది, లేకపోతే రైలెక్కి వచ్చేవాణ్ణి. శెనక్కాయ పూత చీర మొదటిది మా ఇంటికే రావాలి.

నీ తమ్ముడు

*

ధర్మవరం,
జూలై 9.

చెన్నకేశవులుకు,

నెట్ ఇచ్చాను. తేదీ సరిగ్గానే ఉంది. ట్రబుల్‌షూట్ నొక్కితే తిరిగి తిరిగి, ఇప్పుడు సరిచేయలేమని చెప్పింది. నువ్వన్న ప్రశ్న వచ్చింది. ముట్టుకోవద్దన్నావు కాబట్టి ముట్టుకోలేదు.

ఇక స్టిక్కరు. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఇరవై అయిదు అక్షరాల్లో ఏడే కనబడుతున్నాయి. మిగతావి కుంకుమలో కలిసిపోయాయి. ఈ ఊళ్ళో ఆయుధపూజ నాడు మగ్గానికి, కండెల రాట్నానికి, చివరికి కత్తెరకు కూడా బొట్టు పెడతారు. నాకు అన్నం పెట్టేది ల్యాప్‌టాప్. ప్రతి దసరాకు గంధం రాసి బొట్టు పెట్టాను. మూత మీద పెడితే సంచికి అంటుతుందని, తిరగేసి, అడుగున తెల్లగా కనబడిన చోట పెట్టాను. మర్నాడు తడిగుడ్డతో తుడిచాను. ఆరు దసరాలు.

నా తప్పు నేను ఒప్పుకున్నాను. కానీ అది అడిగే ఇరవై అయిదు అక్షరాలు ఇంకెక్కడా రాసి ఉండవా? బిల్లు నా దగ్గర ఉంది, దానితో ఏమైనా అవుతుందా? అమావాస్యకు పదిహేను రోజులు. పూత అయిపోయింది, ఆకు అంచు సగంలో ఉంది. వెంటనే జవాబు రాయి.

తనూజ

*

హిందూపురం,
జూలై 12.

అక్కకు,

ఇప్పుడు తెలిసింది దొంగ ఎవరో. ఊరికే నన్ను తిట్టావు, నంబరు బ్లాక్ చేశావు, ఆశీర్వాదం దాచుకున్నావు. తప్పు ఇక్కడ కాదు, నీ కుంకుమ భరిణెలో ఉంది. హాల్ టికెట్ మీద నంబరుకు బొట్టు పెట్టి పరీక్షకు పోతే లోపలికి రానిస్తారా?

మా కొట్టుకు వచ్చేవాళ్ళకు ఈ కథ చెప్పాను, అందరూ పడిపడి నవ్వారు. కోప్పడకు. చదువుకున్నదానివి, కంప్యూటరు మీద బతుకుతున్నదానివి, నువ్వే ఇలా చేస్తే పల్లెల్లోవాళ్ళను ఏమనాలి? మిషన్‌కు మొక్కడం కాదక్కా, మిషన్ మీద రాసింది చదవడం నేర్చుకోవాలి.

కీ పోయిందంటే పోయినట్టే. బిల్లుతో ఏమీ కాదు. ఇంక కొత్త లైసెన్సే గతి. శ్రావణం పోనీ, తీరిగ్గా చూద్దాం. యల్లప్ప మామకు నిజం చెప్పు, పెద్దాయన, అర్థం చేసుకుంటాడు.

నీ తమ్ముడు

*

పెనుకొండ,
జూలై 16.

చెన్నకేశవులుకు,

ఊరు చూసి ఆశ్చర్యపోవద్దు. పెనుకొండలో సౌమ్య ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. నాతో ఇంటర్ చదివింది, ఇప్పుడు ఇక్కడ కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతోంది, గుర్తుందా?

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. నువ్వు చెప్పినట్టే యల్లప్ప మామ దగ్గరికి పోయి, నా బొట్టు వల్ల మిషన్ పాడైందని చెప్పాను. మగ్గాల దగ్గర ఆరుగురున్నారు. ఒకరు నవ్వితే అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. "అమాస దాటితే పడుగు ఊరికే పెట్టుకోనుండలేనమ్మా, కూలోళ్ళు ఉండారు" అన్నాడు. అది నవ్వు కంటే ఎక్కువ తగిలింది. ఇక పట్టలేక ల్యాప్‌టాప్, బిల్లు సంచిలో వేసుకుని రైలెక్కాను.

సౌమ్య పది నిమిషాలు చూసింది. నువ్వు దాచినవన్నీ ఆ పది నిమిషాల్లో బయటపడ్డాయి.

ఇందులో ఉన్నది నా విండోస్ కాదట. మూడు నెలలు ఊరికే వాడి చూసుకోమని ఇచ్చే ట్రయల్ అట. గడువు దాటితే గంటకోసారి ఆరిపోవడం దాని గుణమట. అంటే ఆ మూడు నెలలు ఎప్పుడు అయిపోతాయో నువ్వు వేసిన రోజే నీకు తెలుసు. నా మొదటి ఉత్తరం చదవగానే జబ్బు ఏమిటో తెలిసీ, గడియారం చూడు, తేదీ చూడు అని నాతో ఆటలాడావు.

రెండోది. ఆ స్టిక్కరు అసలు అవసరమే లేదు. ఒకసారి నెట్‌లో నమోదైన లైసెన్సు మిషన్ మదర్‌బోర్డును బట్టి గుర్తుంటుందట. విండోస్ తీసేసి మళ్ళీ వేసినా బోర్డును చూసి తనంతట తానే ఒప్పుకుంటుందట. మరి ఎందుకు ఒప్పుకోలేదని అడిగాను. సౌమ్య తెర మీద బోర్డులో ఉన్న మిషన్ నంబరు తెప్పించి, నా బిల్లు మీది నంబరు పక్కన పెట్టింది. మెల్లగా, "ఇది నీ బోర్డు కాదు తనూ, ఎవురో మార్చినారు" అంది.

భాగాలేమైనా మార్చారా అని ఆ మిషన్ నన్ను అడిగింది. దాన్ని ముట్టుకోవద్దని నువ్వు ముందే రాసి పంపావు. నీ చేతిరాత నా దగ్గరే ఉంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆరు దసరాల బొట్టును అడ్డం పెట్టుకుని, కొట్లో పదిమంది ముందు అక్కను నవ్వులపాలు చేసి, తెలివి నేర్చుకోమని బుద్ధులు చెప్పావు. నాయన ఉంటే ఈ ఉత్తరం నేను రాసే పని ఉండేది కాదు.

సౌమ్య ఇంకో ట్రయల్ వేస్తానంది. వేయాలంటే అంతా చెరిపేయాలి, డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా పోతుంది. దాని డిస్కు నీ కొట్లోనే ఉంది. అందుకని దీన్ని ఇక్కడే వదిలేసి, అయినంతవరకు అచ్చు తీయించుకుని, మిగతా ఆకు అంచు గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గీస్తాను.

నా బోర్డు ఎక్కడ? ఒక్క మాటలో చెప్పు.

తనూజ

*

హిందూపురం,
జూలై 22.

అక్కకు,

నాలుగు రోజులుగా కాగితాలు చించుతున్నాను.

నీ బోర్డు నారాయణ సారు ల్యాప్‌టాప్‌లో ఉంది. మన రొద్దం హైస్కూల్లో లెక్కలు చెప్పిన సారే. రిటైరై హిందూపురంలోనే ఉన్నాడు. ఎనిమిదో తరగతిలో నన్ను బెంచీ ఎక్కించి, "నువ్వు గొర్రెల ఎనక పోయేదానికి గూడా పనికి రావురా" అన్నది ఆయనే. ఉగాదికి రెండు రోజుల ముందు తన ల్యాప్‌టాప్ తీసుకుని మా కొట్టుకు వచ్చాడు. కొట్టు పైన రాసిన నా పేరు చూసి, "బాగా పైకొచ్చినావే" అని వీపు తట్టాడు. అక్కా, ముప్పై ఏళ్ళ వయసులో నాకు ఏడుపొచ్చింది.

ఉగాది పొద్దున కొట్లో పూజ చేశాను. సారు మిషన్ మూత విప్పి బల్ల మీద ఉంది. పక్కనే టెంకాయ కొట్టాను. ఒక్క దెబ్బకు పగలాలని గట్టిగా కొట్టాను, పగిలింది. నీళ్ళు సగం గిన్నెలో పడ్డాయి, సగం సారు బోర్డు మీద. తుడిచాను, ఎండబెట్టాను. మూడో రోజుకు బోర్డు పచ్చగా చిలుము పట్టి చచ్చిపోయింది.

నీదీ ఆయనదీ ఒకే కంపెనీ, ఒకే రకం మిషన్లు. నీది అక్కడే ఉంది. నీ బోర్డు తీసి సారుదానిలో పెట్టాను. పాత సామాన్ల గుజిరీలో దొరికిన బోర్డు నీదానిలో పెట్టి, ట్రయల్ వేశాను. మూడు నెలల్లో ఏదో ఒకటి చేద్దాంలే అనుకున్నాను. సారుకు చెప్పలేకపోయాను. అక్క కదా, తెలిసినా ఏమీ అనదులే అనుకున్నాను.

కొత్త ల్యాప్‌టాప్ కొనిస్తాను. ఈ సంగతి మాత్రం సారు దాకా పోనివ్వొద్దు.

చెన్నకేశవులు

*

ధర్మవరం,
ఆగస్టు 10.

చెన్నకేశవులుకు,

ఆలస్యంగా రాస్తున్నాను. వెంటనే రాసి ఉంటే ఈ కాగితం తగలబడి ఉండేది.

అమావాస్య నాటికి గ్రాఫు పూర్తి కాలేదు. మూడు అంగుళాల అంచు మిగిలిపోయింది. కళ్ళు ఎర్రబడి, వేళ్ళు వంగిపోయి, గళ్ళ కాగితాలు చుట్టుకుని పోయేసరికి యల్లప్ప మామ మగ్గాల మీద పాత మామిడి పిందె అంచు ఎక్కుతోంది. నన్ను చూసి కూర్చోమన్నాడు, మజ్జిగ ఇప్పించాడు. డిజైన్ గురించి ఒక్క మాట అడగలేదు. అడిగి తిట్టి ఉంటే బాగుండేది. మొన్న వరలక్ష్మీ వ్రతానికి వీధిలో అందరూ ఆ మామిడి పిందె చీరలే కట్టారు.

ఇప్పుడు నీ ఉత్తరం సంగతి. టెంకాయ నీళ్ళు పడటం తప్పు కాదు. నేను బొట్టు పెట్టాను, నువ్వు టెంకాయ కొట్టావు, ఇద్దరం ఒక తల్లి పిల్లలమే. కానీ నీ చేతిలో సారు మిషన్ చచ్చిన సంగతి కడుపులో పెట్టుకుని, నా బొట్టు గురించి కొట్లో పదిమందిని నవ్వించావు చూడు, అది తప్పు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా బోర్డు తీసి సారుకు పెట్టి, ఆయన దగ్గర మంచివాడనిపించుకున్నావు చూడు, అది తప్పు.

అక్క కదా, ఏమీ అనదులే అన్నావు. ఈ పదిహేను రోజులూ నాకు ఆ ఒక్క మాటే వినబడుతోంది. సారుకు భయపడ్డావు, కొట్టుకొచ్చే ముక్కూ మొహం తెలియనివాళ్ళకు భయపడతావు. భయపడనిది నాకొక్కదానికే. నీకు జ్వరమొస్తే ఎత్తుకుని రొద్దం ఆసుపత్రికి నడిచినందుకేనా ఈ చొరవ?

కొత్త ల్యాప్‌టాప్ వద్దు. పంపితే వచ్చిన బస్సుకే తిప్పి పంపుతాను. నాకు కావలసినవి రెండే. సారు దగ్గరికి పోయి, ఆయన కళ్ళల్లోకి చూసి జరిగింది చెప్పి, నాది తీసి నాకు పెట్టు. తర్వాత ఇక్కడికి వచ్చి, ఆరుగురు నేతగాళ్ళ ముందు, చెడింది బొట్టు వల్ల కాదని యల్లప్ప మామకు చెప్పు. ఆ రెండూ అయ్యేదాకా నేను నీకు అక్కను కాను.

తనూజ

*

హిందూపురం,
సెప్టెంబరు 14.

అక్కకు,

నెల పట్టింది. నువ్వు అడిగింది చిన్న పని కాదు. నీకు కోపం ఉంటే నాకూ ఉంది, అది కూడా రాస్తాను. చిన్నప్పటి నుంచి ఏ తప్పు చేసినా నువ్వే వెనకేసుకొచ్చావు. నేను పలక పగలగొడితే, అది నీ పనేనని నాయనతో చెప్పావు. తప్పు చెప్పుకోవడం నాకు నేర్పనే లేదు. ఇప్పుడు ఒక్కసారిగా సారు ముందర నిలబడమన్నావు.

నిలబడ్డాను. వాకిట్లోనే చెప్పేశాను, లోపలికి పోతే నోరు రాదని. సారు కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు. అరుస్తాడనుకున్నాను. చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "మీ యక్కకు గూడా నేనే చెప్పినా కదరా సదువు. ఆ పాపది పీకి నాకు పెడితివా? నాది చెడిపోయిందని చెప్పింటే నేనేమన్నా నిన్ను కొరుక్కుతింటానా?" అన్నాడు. లేచిపోయి ల్యాప్‌టాప్ తెచ్చి నా చేతిలో పెట్టి తలుపేసుకున్నాడు. బెంచీ ఎక్కించిన రోజు ఇంత నొప్పి లేదు.

సారు కోసం వేరే బోర్డు బెంగుళూరు నుంచి తెప్పించాను, పాతదే, కానీ సరైన లైసెన్సుతో. పాతదని ఆయనకు చెప్పే బిగించాను. వచ్చేటప్పుడు కాఫీ ఇప్పించాడు.

నీ బోర్డు నా దగ్గరుంది. నీ మిషన్ సౌమ్యక్క ఇంట్లో వదిలావని విన్నాను. పోయి తీసుకుని, బోర్డు బిగించి, ట్రయల్ చెరిపి అసలు విండోస్ వేస్తాను. యల్లప్ప మామ దగ్గరికి వస్తాను. ఎప్పుడో చెప్పలేను. చెబితే ఆ రోజుకు ధైర్యం పోతుంది.

చెన్నకేశవులు

*

ధర్మవరం,
అక్టోబరు 3.

తమ్ముడికి,

నేను లేని రోజు చూసుకుని వచ్చావు. సంతకు పోయి వచ్చేసరికి యల్లప్ప మామ నా గడపలో కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో నా ల్యాప్‌టాప్. నువ్వు తిన్నగా మగ్గాల దగ్గరికి పోయి, చెప్పులు విడిచి, అందరి ముందు చెప్పావట. ఉగాది టెంకాయతో మొదలుపెట్టి ఒక్కటి వదలకుండా చెప్పావట. నవ్విన ఆరుగురిలో ఒక్కడూ నవ్వలేదట. ఆ తర్వాత మజ్జిగ కూడా తాగకుండా రైలుకు పోయావట.

మామ లేస్తూ, "గ్రాఫు యాడ పెట్టినావమ్మా, తీసుకోనిరా. కార్తీకంలో పెండ్లిండ్లు ఉండాయి" అన్నాడు. మిగిలిన మూడంగుళాలు నిన్నటికి గీశాను. ఒక్క మగ్గమే ఇచ్చాడు, మూడు కాదు. పోయిన శ్రావణం తిరిగి రాదు. అందుకని నీ మీద నా కోపం అలాగే ఉంది, తగ్గిందని మురిసిపోకు. నా ముఖం చూడకుండా పోయినందుకు ఇంకొంచెం పెరిగింది కూడా.

మామ పోయాక ల్యాప్‌టాప్ తెరిచాను. భయపడుతూనే నెట్ ఇచ్చాను. అది కీ అడగలేదు, స్టిక్కరు అడగలేదు, బిల్లు అడగలేదు. ఒక్క నిమిషంలో, లైసెన్సు సరిగ్గా ఉందని చెప్పింది. ఆరు నెలలు పరాయి ఇంట్లో ఉండి వచ్చిన బోర్డు, నా మిషన్‌లో పడగానే నేనెవరో గుర్తుపట్టింది. నాతో పాటు పుట్టి పెరిగినవాడివి, నీకు ఆరు నెలలు పట్టింది.

మొన్న ఆయుధపూజ నాడు బొట్టు మూత మీద పెట్టాను. సంచికి అంటితే అంటనీ.

నీ నంబరు తెరిచాను. నువ్వు చేయొద్దు, నేనే చేస్తాను. తిట్టవలసినవి ఇంకా చాలా ఉన్నాయి. ఫోన్ ఎత్తగానే నవ్వించావంటే మళ్ళీ బ్లాక్ చేస్తాను. మొదటి ఉత్తరం నుంచి దాచిపెట్టుకున్న ఆశీర్వాదం ఇందులో పంపుతున్నాను, తీసుకో.

అక్క